పెరిగిన గ్లాసు

మొన్న మంగళవారం పొద్దున పదింటికి కాలేజీ లైబ్రరీలో కొత్త పుస్తకాలకు నంబర్లు వేస్తుంటే ఫోన్ మోగింది. మ్యూజియం పెద్దవ్వ కూతురు. "అక్కా, అవ్వ పోయింది" అంది. ఏమైందని అడిగాను. "ఏం గాలే. చాయ్ తాగింది, గోడకు ఒరిగింది. గంతే" అంది. "మధ్యాన్నం తీస్తున్నం. నువ్వొస్తవని అందరికి చెప్పిన" అంది. లీవు లెటరు కూడా రాయకుండా పక్క సీటు మేడమ్‌కు చెప్పి కరీంనగర్ బస్టాండుకు పోయాను. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఏడుపు వచ్చింది.

ఆమె నాకు చుట్టం కాదు. కరీంనగర్ నుంచి ఆసిఫాబాద్ పోయే దారిలో ఒక చిన్న పట్నంలో, చిన్న మ్యూజియంలో అటెండరు. నేను అక్కడ కాంట్రాక్టు మీద రెండేళ్లు పనిచేశాను. పట్నం పేరు రాయను. ఎందుకు రాయనో చదువుతుంటే మీకే తెలుస్తుంది. ఊరంతా ఆమెను పెద్దవ్వ అనేది, నేనూ అలాగే అన్నాను. ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాసి ఊరుకుంటే నాకు సుఖమే. కానీ ముందు నేను చేసిన ఒక పని చెప్పకుండా ఆ మంచి మాటలు రాస్తే అబద్ధం రాసినట్టే అవుతుంది.

మ్యూజియం అంటే పెద్దదేమీ ఊహించుకోకండి. పాత కచేరీ భవనం, నాలుగు గదులు. మొదటి రెండింట్లో రాతి విగ్రహాలు, మూడో దాంట్లో కత్తులు, నాణేలు. నాలుగోది గాజు గది. ఒక పాత గడీ నుంచి వచ్చిన కట్ గ్లాస్ సామాను అందులో ఉండేది. పన్నీరు బుడ్డి, అత్తరు సీసాలు, మూతలున్న రెండు పెద్ద సీసాలు, పండ్ల గిన్నె, షర్బత్ గ్లాసులు ఆరు. మందపాటి గాజును చక్రం మీద కోసి గీతలు, డైమను గళ్లు తీర్చిన సామాను. ప్రతి గ్లాసు అడుగునా ఒక నక్షత్రం కోసి ఉంటుంది. ఏ దేశంలో చేశారో ఎవరికీ తెలియదు. పాత రిజిస్టరులో "సీమ గాజు" అని మాత్రం ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్లు కత్తుల దగ్గర అరగంట నిలబడి, గాజు గదిని అరనిమిషంలో దాటేసేవారు. పెద్దవ్వకు అది భరించరాని సంగతి. "కత్తి గురించి ఏమున్నది సూసుటానికి? కోస్తది. గిది జూడు, దీన్నే కోసిన్రు" అనేది వాళ్ల వెనకాల నిలబడి, వినబడేట్టు.

ఆమెది గాజుల కుటుంబం. పెళ్లయిన నాటి నుంచి భర్తతో కలిసి కొండగట్టు కింద గాజులమ్మింది, మిగతా రోజుల్లో గాజుల మలారం భుజాన వేసుకుని ఊళ్లు తిరిగింది. పెళ్లిళ్లకు, సీమంతాలకు ఆమె చేతులతో తొడిగించుకోవాలని ఆడవాళ్లు కబురు పంపేవారట. ఎంత మొండి చేతికైనా నొప్పి లేకుండా ఎక్కించేది. భర్త పోయాక ఆ చేతులే పనికి రాకుండా పోయాయి. మొగుడు లేని ఆమె శుభకార్యానికి గాజులెట్లా తొడుగుతుందన్నారు. కొండగట్టు కింద దుకాణం మరిది చేతికి పోయింది. చేతి పని తెలిసిన మనిషి ముప్పై తొమ్మిదేళ్లకు ఊడ్చే పని అడుక్కుంటూ మ్యూజియానికి వచ్చింది. మొదట ఊడ్చింది. తర్వాత ఎవరో సారు, ఆమె గాజు పట్టుకునే తీరు చూసి, నాలుగో గది తాళంచెవి ఇచ్చాడు. ఆ చెవి అప్పటి నుంచీ ఆమె కొంగుకే ఉండేది.

సామాను కడిగే రోజు గదిలో ఎవరూ మాట్లాడకూడదు. ప్లాస్టిక్ టబ్బులో అడుగున పాత తువాలు పరిచేది. గోరువెచ్చని నీళ్లు, కుంకుడు రసం నాలుగు చుక్కలు. ఒకసారికి ఒక్కటే వస్తువు. నా ఉంగరం, వాచీ తీయించేది. తుడవడానికి బాగా నలిగిన పాత పంచె. అంతా అయ్యాక గోటితో అంచు మీద చిన్నగా మీటి, చెవి దగ్గర పెట్టుకుని వినేది. "కడిగేటప్పుడు మాట్లాడకు, మాట్లాడేటప్పుడు కడగకు" అనేది. నాకు రెండూ ఒకేసారి చేసే అలవాటు. రోజుకు ఒకసారైనా తిట్లు తినేదాన్ని.

నా పని చెప్పలేదు కదా. చిరిగిపోయిన పాత రిజిస్టరును తెలుగులో కొత్త పుస్తకంలోకి ఎక్కించడం, ప్రతి వస్తువుకూ ఫొటో తీయడం. సిరిసిల్లలో మా బాపు మరమగ్గం నడిపేవాడు, మగ్గం ఆగిన రోజు కూలి లేదు. మా ఇంట్లో డిగ్రీ పాసై సర్కారు కుర్చీలో కూర్చున్న మొదటి మనిషిని నేనే. కాంట్రాక్టు కుర్చీ అని మా వాళ్లకు వివరంగా చెప్పలేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం. పాత ఇంచార్జి సారు బదిలీ అయిపోయాడు, కొత్త సారు ఇంకా రాలేదు. పెద్దవ్వ అన్నానికి పోయింది. షర్బత్ గ్లాసుల ఫొటోలు తీయాలి. ఒకదాన్ని తెచ్చి కిటికీ గట్టు మీద ఎండలో పెట్టాను, కోతలు మెరుస్తాయని. మెరిశాయి. కానీ నాకు చాలలేదు. చల్లని నీళ్లు పోస్తే గాజు బయట తేమ పట్టి ఇంకా బాగుంటుందనిపించింది. ఆ ఫొటో మ్యూజియం కోసం కాదు, నా వాట్సాప్ స్టేటస్ కోసం. ఆఫీసు ఫ్రిజ్‌లోంచి సీసా తెచ్చి పోశాను, ఫోన్‌లో ఫొటో నొక్కాను. టక్కుమని చిన్న చప్పుడు. రెండో ఫొటో నొక్కేసరికి గ్లాసు నిలువునా చీలిపోతోంది. నీళ్లు గట్టు మీదుగా కిందికి కారాయి. కాలిన గాజు మీద చల్లటి నీళ్లు పోయకూడదని మట్టికుండ వాడే మనిషికి కూడా తెలుసు. నాకు తెలియలేదు.

పెద్దవ్వ తిరిగి వచ్చేసరికి నేను ముక్కల ముందు కూర్చుని ఉన్నాను. "పెద్దవ్వా, పగిలింది" అన్నాను. ఆమె వచ్చి నా నోటి మీద చెయ్యి పెట్టింది. కోపంగా కాదు, గట్టిగా.

"గట్లనకు. మా ఇండ్లల్ల గాజు పగలది బిడ్డా. పెరుగుతది."

నాకు ఆ మాట తెలుసు. మీకూ తెలిసే ఉంటుంది. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం, దీపం ఆరితే కొండెక్కిందంటాం, పుస్తెలతాడు తెగితే పెరిగిందంటాం. గాజులమ్మేవాళ్ల ఇంట్లో గాజుకు కూడా అదే మాట. కానీ ఆమెకు ఇంకో కారణం ఉంది. ముక్కలు ఒక్కొక్కటే ఏరి గుడ్డలో పెడుతూ చెప్పింది. "మా ఆయన పోయిన పదో దినం నాడు నా గాజులు రాయితోని కొట్టిన్రు. గప్పుడే ఇన్న నువ్వన్న గా మాట. గాజులు అమ్మే ఇంట్ల పుట్టిన, గాజులు అమ్మే ఇంటికొచ్చిన, అదొక్కనాడే ఇన్న. మల్ల ఇనబుద్ధి గాదు."

ముక్కలు ఎవరి కాళ్ల కిందా పడకూడదని ఆ సాయంత్రమే మానేరు నదిలో కలిపేసింది. పోయే ముందు నాతో, "పరేషాన్ గాకు. పుస్తకంల పెరిగింది అని రాయి. కొత్త సారొచ్చినంక నోటితోని చెప్దాం" అంది. రాశాను. "షర్బత్ గ్లాసులు ఆరు. పెరిగినది ఒకటి." ఆమె ఆ మాట గాజు మీద ప్రేమతో అంది. నేను ఆ మాట వెనక దాక్కోవచ్చని రాశాను. కొత్త సారు వచ్చాడు. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అని నేనే వాయిదా వేస్తూ పోయాను. చివరికి ఆమె అడగడం మానేసింది.

ఎనిమిది నెలల తర్వాత ఒక గురువారం హైదరాబాద్ నుంచి తనిఖీకి అధికారి వచ్చాడు. రిజిస్టరు ముందు పెట్టుకుని ఒక్కో అలమార తెరిపించి లెక్క చూస్తున్నాడు. షర్బత్ గ్లాసుల దగ్గర ఆగాడు.

"ఆరు. పెరిగినది ఒకటి. మొత్తం ఏడు. ఇక్కడ ఐదే ఉన్నాయి. రెండేవి?"

ఇంచార్జి సారు పెద్దవ్వ వైపు చూశాడు. తాళంచెవి ఆమె కొంగున ఉంది కదా.

"పెరిగింది సార్" అంది ఆమె.

"పెరిగింది సరేనమ్మా, ఎక్కడుంది? చూపించు."

"పెరిగినంక ఏడ సూపియ్యాలె సార్. మానేట్ల కలిపిన."

ఆయన కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. ఇంచార్జి సారు ముందుకు వంగి, అది ఆడవాళ్ల వాడుక మాటేమో సార్, పగిలితే అలా అంటారేమో అని గొణిగాడు. "వాడుక మాటకు రిజిస్టరులో ఏం పని? ఎవరు రాశారిది?" అన్నాడు అధికారి. రాత నాది. ఆయన చూపు నా వైపు తిరగకముందే పెద్దవ్వ అంది, "నేనే రాయించిన."

"సరే, పగిలిందనే అనుకుందాం. పగిలిందని నీ నోటితో చెప్పు. ఎవరు పగలగొట్టారో చెప్పు. రాసుకుంటాను, అయిపోతుంది."

ఆమె ఆ మాట అనలేదు. నా పేరూ అనలేదు. నేల వైపు చూస్తూ "పెరిగింది సార్" అని మళ్లీ అంది. ఆమె కావాలనే మొండితనం చేస్తోందని ఆయన అనుకున్నాడు. ఆయన స్థానంలో నేనున్నా అలాగే అనుకునేదాన్ని. సోమవారం దాకా గడువిచ్చాడు. అప్పటికి ఎవరో ఒకరు ఒప్పుకోవాలి, లేదా రెండు గ్లాసులూ కనబడాలి, లేదంటే ఠాణాలో ఫిర్యాదు. తాళంచెవి ఇచ్చేయమన్నాడు. ఆమె కొంగు ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. ఆ ముడి ఎన్నేళ్లదో.

నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నా ఫోన్‌లో ఆ ఫొటోలు రెండూ ఉన్నాయి. ఎందుకు చెరిపేయలేదో తెలియదు. తీసి చూపిస్తే అక్కడికక్కడ తెగిపోయేది. కానీ నా కాంట్రాక్టు పొడిగింపు కాగితం కూడా ఆ బల్ల మీదే, ఆయన సంతకం కోసం పెట్టి ఉంది. నోరు తెరవలేదు.

శుక్రవారం ఆమె వేళకే వచ్చింది. గాజు గదికి ఇంచార్జి సారు తాళం వేసి ఉంచాడు. ఆమె వరండాలో స్టూలు మీద కూర్చుంది. అప్పటికే సంగతి ఊళ్లోకి పాకింది. పిల్లలను తీసుకుని వచ్చిన ఒకావిడ, పెద్దవ్వ ముందు నుంచి పోతూ చేతి సంచి ఇటు భుజం నుంచి అటు భుజానికి మార్చుకుంది. పెద్దవ్వ చూసింది. నేనూ చూశాను. మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి, "తిన్నవా?" అని అడిగింది. అంతకంటే రెండు చెంపలూ వాయగొట్టినా బాగుండేది. తిన్నానని చెప్పాను. తినలేదు.

శనివారం సిరిసిల్ల పోయాను. మా అవ్వతో, అంటే అమ్మతో, చెప్పాను. అంతా చెప్పలేదు. మ్యూజియంలో గ్లాసు పోయిందని, పెరిగింది అని రాస్తే ఆ సారుకు అర్థం కాలేదని చెప్పి నవ్వబోయాను. మా అవ్వ కండెలు చుట్టడం ఆపలేదు.

"పెరిగింది అని మంచిగనే రాసినవ్. మరి ఎవల చేతుల పెరిగింది?"

హైదరాబాద్ నుంచి వచ్చిన అధికారి పెద్దవ్వను అడిగిన ప్రశ్నే అది, నన్ను అడిగింది మాత్రం మా అవ్వ ఒక్కతే. జవాబు చెప్పాల్సిన అవసరం రాలేదు, ఆమె నా మొహం ఒకసారి చూసి మళ్లీ పనిలో పడింది. ఆదివారం బస్సెక్కేటప్పుడు మాత్రం, "కుర్చీ పోతే ఇంకో కుర్చీ దొరుకుతది. ముసలామె ఇజ్జత్ పోతే ఏడికెల్లి తెస్తవ్?" అంది.

సోమవారం పదకొండింటికి అందరినీ గాజు గదికి పిలిచారు. ఠాణాకు ఇచ్చే కాగితం టైపు చేసి సిద్ధంగా ఉంది. పెద్దవ్వ శుభ్రంగా ఉతికిన తెల్ల చీర కట్టుకుని వచ్చింది. అధికారి మళ్లీ అదే అడిగాడు, ఆమె మళ్లీ అదే చెప్పింది. ఈసారి గొంతు బాగా తగ్గింది. ఆయన కలం మూత తీశాడు.

"సార్, ఆ గ్లాసు నేనే పగలగొట్టాను" అన్నాను.

ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను. మొదటి ఫొటోలో ఎండ, తేమ, నక్షత్రం. రెండో దాంట్లో చీలిక. తారీకు, టైము అందులోనే ఉన్నాయి. ఆరు ఉండేవని, ఒకటి పోయిందని, ఐదు ఉన్నాయని, ఏడో గ్లాసు ఎప్పుడూ లేదని చెప్పాను. ఎందుకు ఇన్నాళ్లు చెప్పలేదని ఆయన అడిగాడు. భయపడ్డాను సార్ అన్నాను. ఇంకో కారణం లేదు కాబట్టి ఇంకేమీ చెప్పలేదు.

పెద్దవ్వ స్టూలు మీద నుంచి లేచింది. నాకు దండం పెడుతుందనో, ఏడుస్తుందనో అనుకున్నాను, నిజం చెప్తున్నాను. "గీ రూముల గా మాట అనకు అని నీకు చెప్పిన గదనే" అంది. కోపంగా. ఆ నాలుగు రోజుల్లో ఆమె కోపంగా అన్న మాట అదొక్కటే.

అధికారి చెడ్డవాడు కాదు. ఠాణా కాగితం చింపేశాడు. ఆ మాటేంటో ఇంచార్జి సారుతో మళ్లీ ఒకసారి చెప్పించుకుని, తాళంచెవి తనే తీసి ఆమె చేతికిచ్చాడు. "ఈ మాట నాకు తెలియదమ్మా" అన్నాడు. "మీకెందుకు తెలుస్తది సార్, మొగోళ్లు" అంది ఆమె. నాకు మెమో ఇచ్చారు, మార్చిలో కాంట్రాక్టు ముగిసింది. అది న్యాయమే. తర్వాత కరీంనగర్‌లో ఈ లైబ్రరీ పని దొరికింది.

ఆ తర్వాత ఏడాదికి మూడు నాలుగు సార్లు ఆమె దగ్గరికి పోయేదాన్ని. రిటైరయ్యాక కూడా. అన్నం పెట్టకుండా పంపేది కాదు. ఒకసారి ధైర్యం చేసి అడిగాను, ఆ రోజు నా పేరు ఎందుకు చెప్పలేదని.

"నువ్వు చెప్తవేమో అని సూసిన."

"చెప్పకపోతే?"

"నాలుగు దినాలు సూసిన గద. ఇంకో నాలుగు దినాలు సూద్దును."

"కోపం రాలేదా పెద్దవ్వా?"

"ఎందుకు రాదు? శనారం నాడు శానా వచ్చింది. నువ్వు ఊరికి పోయినవని తెలిసినంక." ఆగి, అన్నం మీద ఇంకో గరిటె పప్పు వేసింది. "తిను. గిప్పుడు లేదు."

మంగళవారం నేను చేరేసరికి వాకిట్లో ఊరివాళ్లు చాలామందే ఉన్నారు, మ్యూజియం నుంచి ఒక్కరూ లేరు. కొత్తవాళ్లకు ఆమె ఎవరో తెలియదట. గాజు గది తాళంచెవి ఇప్పుడు వాళ్ల దగ్గరే ఉంది, సెలవు రోజుల్లో ఆ గది చూడ్డానికి కూడా జనం బాగానే వస్తున్నారట. ఆమె కూతురు నన్ను పక్కన నిలబెట్టుకుని, వచ్చినవాళ్లందరికీ "మా అక్క" అని చెప్పింది. నేను కాదనలేదు. నాకు ఆ మాట దక్కడం న్యాయమో కాదో ఆమె తల్లి ఒక్కతే చెప్పగలదు.

దక్కించుకున్న రోజు మాత్రం నాకు తెలుసు. ఆ సోమవారమే. అధికారి పోయాక, ఇంచార్జి సారు కూడా అన్నానికి పోయాక, పెద్దవ్వ గాజు గది తెరిచింది. నన్ను రమ్మనలేదు, పొమ్మనలేదు. తువాలు పరిచి ఐదు గ్లాసులూ కడిగింది, నాలుగు రోజుల దుమ్ము. ఐదోది తుడిచి, మీటి విని, అలమారలో పెట్టబోతూ ఆగి నా వైపు చాపింది. మే నెల తర్వాత నేను వాటిని ముట్టుకోలేదు.

"నాకొద్దు పెద్దవ్వా" అన్నాను.

"పట్టు."

పట్టుకున్నాను. నా చేతులు వణికాయి. అంత బరువుంటుందని మరిచిపోయాను. ఆమె గ్లాసు వెనక్కి తీసుకోలేదు. నా చేతుల కింద తన రెండు చేతులూ దోసిలిగా పట్టింది, తాకకుండా, ఒక బెత్తెడు కింద. నా వణుకు ఆగేదాకా అలాగే నిలబడి ఉంది.